మూడు కుటుంబాలు, రెండు రోజులు: డాలస్ నుంచి బ్లూబానెట్ల దారి పట్టడం ఎలా

ఉగాది అటూఇటూగా డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే ప్రశ్న మొదలవుతుంది: పూలు ఎక్కడ బాగున్నాయి? పూలంటే బ్లూబానెట్లు, వసంతంలో టెక్సాస్ రోడ్ల పక్కన నీలంగా పూసే అడవి పూలు. ఆ ప్రశ్నకు ఇరవై జవాబులు వస్తాయి. వాటిలో సగం నిరుటి ఫొటోలు. చివరికి ఎవరో ఏదో ఊరి పేరు చెబుతారు, కార్లన్నీ అటు పరుగెడతాయి, తీరా వెళితే అక్కడ గడ్డి ఉంటుంది. ఈ తిప్పలు తప్పించుకోవచ్చు. మనుషులు, బస, కార్లు, తిండి నెలల ముందే ఖాయం చేసుకోండి. ఏ రోడ్డు మీద పూలు చూడాలన్నది మాత్రం బయలుదేరే ముందు గురువారం రాత్రి దాకా తేల్చకండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఊరు ముందే నిర్ణయించేసి, ఎవరు వస్తున్నారో శుక్రవారం రాత్రి దాకా తేల్చుకోరు.

ఏ వారం

బ్లూబానెట్ ఒక్క ఏడాదే బతికే మొక్క. గింజ శరత్కాలపు వానకు మొలుస్తుంది. చలికాలమంతా మొక్క నేలకు అతుక్కుని చిన్న ఆకుల గుత్తిలా ఉండిపోయి, కింద వేరు పెంచుకుంటుంది. వసంతం రాగానే కంకి వేస్తుంది. అందుకే ఈ ఏడాది పూలెలా ఉంటాయో తెలుసుకోవాలంటే ఫిబ్రవరి వానల లెక్క సరిపోదు, కిందటి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వానలెలా పడ్డాయో గుర్తు తెచ్చుకోండి. ఆ నెలలు ఎండగట్టిన ఏడాది రోడ్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

పూత మామూలుగా దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతుంది. ఆస్టిన్‌కు పడమరనున్న హిల్ కంట్రీలో మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ రెండో వారం వరకు నిండుగా ఉంటుంది. డాలస్‌కు 35 మైళ్ల దూరంలో ఉన్న ఎన్నిస్‌లో ఏప్రిల్ మధ్యకు వస్తుంది. నన్నడిగితే ఏప్రిల్ మొదటి వారాంతాన్ని హిల్ కంట్రీకి పెట్టుకోండి. ఈస్టర్ అదే వారాంతంలో పడితే మాత్రం వారం ముందుకో వెనక్కో జరపండి. గదుల అద్దె, రోడ్ల మీద రద్దీ రెండూ ఒకేసారి పెరుగుతాయి.

ఎవరెవరు

మూడు కుటుంబాలైతే హాయి. నాలుగైతే నెట్టుకురావచ్చు. ఐదు దాటితే అది పెళ్లివారి తరలింపే. గ్యాస్ స్టేషన్‌లో ఆగిన ప్రతిసారీ ముప్పావుగంట పోతుంది. అందరూ ఎక్కారనుకుంటే ఒకరు కాఫీ కోసం మళ్లీ లోపలికి వెళ్లి ఉంటారు.

పెత్తనం ఒక్కరికే అప్పగించండి. దారి ఏది, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది ఆ మనిషి చెప్పినట్టే జరగాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండే మనిషి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఆ ఒక్కరికి డబ్బు లెక్కలో, తిండి ఏర్పాట్లో అప్పగిస్తే చేతినిండా పని ఉంటుంది, దారి గురించి పేచీ ఉండదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా వస్తుంటే వాళ్లను బట్టే ప్రయాణం వేసుకోండి. ముందు సీటు వాళ్లదే. గంటన్నరకోసారి, మరీ ఆలస్యమైతే రెండు గంటలకోసారి ఆగాలి. బీపీ, షుగరు మందులు వెనక డిక్కీలోని సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో ఉండాలి. మడత కుర్చీలు రెండు తప్పనిసరి. నేల మీద కూర్చుని లేవలేని పెద్దవాళ్లకు పూల దగ్గర ఆ కుర్చీయే ఆధారం. దుమ్ము పడనివాళ్లకు, ఎలర్జీలున్నవాళ్లకు రోజూ వేసుకునే మందు కూడా పెట్టుకోండి. హిల్ కంట్రీలో బ్లూబానెట్ పూసే కాలమే ఓక్ చెట్ల పుప్పొడి రాలే కాలం కూడా. పొద్దున లేచేసరికి కార్ల మీద పసుపు చల్లినట్టు ఉంటుంది.

పిల్లలను దారిలో ఒక కారులోంచి ఇంకో కారులోకి మార్చడం మన గుంపుల్లో మామూలు. టెక్సాస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లలోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటకపోతే పిల్లల కోసం బిగించే కార్ సీటులోనే కూర్చోవాలి. స్నేహితుల కారు ఎక్కుతామని పేచీ పెడితే పిల్లతో పాటు సీటూ మారాలి. బద్ధకమనిపిస్తే ఎక్కినవాళ్లు ఎక్కిన కారులోనే ఉండిపోవాలని మొదటే చెప్పేయండి.

బస ఎక్కడ

మార్బుల్ ఫాల్స్. అందరూ ఫ్రెడరిక్స్‌బర్గ్ పేరు చెబుతారు. ఊరు అందమైనదే, కానీ పూల కాలంలో ఖరీదు ఎక్కువ, పైగా అది ఒక మూలకు ఉంటుంది. మార్బుల్ ఫాల్స్ 281 హైవే మీదే ఉంది. అక్కడి నుంచి ఉత్తరాన బర్నెట్, అటు పడమరగా ల్యానో, దక్షిణాన జాన్సన్ సిటీ, తూర్పున గంట దూరంలో ఆస్టిన్. గురువారం రాత్రి పూలు ఎటున్నాయని తేలినా అటు వెళ్లగలిగే చోటు అది. దారిని చివరి నిమిషం దాకా తేల్చకుండా ఉంచే ధైర్యం ఇలాంటి బస వల్లే వస్తుంది.

మూడు కుటుంబాలకు మూడు హోటల్ గదుల కంటే వంటగది ఉన్న ఒక అద్దె ఇల్లు మేలు. ఇల్లు వెతికేటప్పుడు అందరూ పడకగదులు లెక్కపెడతారు. మీరు బాత్రూములు లెక్కపెట్టండి. పన్నెండు మందికి రెండే బాత్రూములున్న ఇంట్లో ఆదివారం పొద్దున ఏడింటికి కదలాలన్న మాట మరచిపోవచ్చు. జనవరి, ఫిబ్రవరిలోనే తీసుకోండి. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇచ్చే చోటైతేనే తీసుకోండి. ఏప్రిల్ మొదట్లో వడగళ్లు, పిడుగులతో గాలివానలు టెక్సాస్‌లో కొత్తేమీ కాదు.

ఎన్చాంటెడ్ రాక్ అనే పెద్ద బండకొండ ఎక్కాలని ఎవరికైనా ఉంటే స్టేట్ పార్కు ప్రవేశానికి 30 రోజుల ముందు నుంచి రిజర్వేషన్ దొరుకుతుంది. వసంతంలో వారాంతాలకు అది త్వరగా నిండిపోతుంది. గుర్తు పెట్టుకుని ఆ రోజే తీసుకోవాలి. లేదంటే గేటు దాకా వెళ్లి తిరిగి రావాలి.

గురువారం రాత్రి

ఇప్పుడు దారి తేల్చాలి. సోషల్ మీడియాలో ఫొటో కనిపించగానే తేదీ చూడండి. మూడు రోజుల కంటే పాతదైతే పక్కన పెట్టండి. తేదీ లేని ఫొటో ఫొటో కాదు. స్టేట్ పార్కు ఆఫీసుకు, ఆయా ఊళ్ల సందర్శకుల కేంద్రాలకు పగలే ఫోను చేసి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. అద్దె ఇంటి యజమానికి కూడా ఒక సందేశం పెట్టి చూడండి. రోజూ ఆ రోడ్డు మీద తిరిగే మనిషి మాటకు మించిన సమాచారం లేదు.

వాన సూచన కూడా అప్పుడే చూడండి. జల్లు పడితే నష్టం లేదు. మబ్బు పట్టిన రోజు పూల నీలం ఇంకా చిక్కగా కనిపిస్తుంది. పెద్ద వాన పడితే మాత్రం హిల్ కంట్రీ చిన్న రోడ్ల మీద వాగులు దాటే చోట్లు ప్రమాదం. అక్కడ చాలాచోట్ల వంతెన ఉండదు, రోడ్డే వాగులోకి దిగి ఎక్కుతుంది. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు ఎంతో ఊహించే ప్రయత్నం చేయకుండా కారు వెనక్కి తిప్పండి.

మ్యాపులు ఫోనులోకి ముందే దింపుకోండి. కొండల మధ్య సిగ్నల్ పోతుంది. కార్లు విడిపోతే కలుసుకునే చోటు కూడా ముందే చెప్పుకోండి. ఒకరి వెనక ఒకరు అంటిపెట్టుకుని నడపాల్సిన పని లేదు. ఆ పట్టుదలతోనే ఎర్రలైట్లు దాటేస్తారు.

శనివారం

ఆరింటికల్లా కదలండి. ఇంటర్‌స్టేట్ 35 మీద వేకో, టెంపుల్ మీదుగా వెళ్లే దారి అందరికీ తెలిసిందే. దాని మీద లారీలు, రోడ్డు పనులు తప్ప చూసేదేమీ లేదు. దాని బదులు క్లెబర్న్, గ్లెన్ రోజ్ మీదుగా హైకో చేరి 281 పట్టుకోండి. హ్యామిల్టన్, లాంపాసస్ దాటి బర్నెట్ వస్తుంది. దూరం దాదాపు 200 మైళ్లు, ఆగుతూ వెళితే నాలుగు గంటలకు పైనే. లాంపాసస్ దాటిన దగ్గర నుంచి రోడ్డు పక్క చూస్తూ ఉండండి.

రోడ్డు పక్కనే ఇన్ని పూలెందుకన్న ప్రశ్న పిల్లలు అడుగుతారు. టెక్సాస్ రవాణా శాఖ 1930ల నుంచీ హైవేల పక్కన అడవి పూలను కాపాడుతోంది. ఏటా సుమారు 30,000 పౌండ్ల గింజలు చల్లుతుంది. పూలు గింజ కట్టేదాకా ఆ గడ్డి కోయదు. బ్లూబానెట్‌ను 1901లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఏ రకం బ్లూబానెట్ అన్న వాదన తెగక 1971లో అన్ని రకాలకూ ఆ గౌరవం ఇచ్చేశారు.

పూలు అటున్నాయని గురువారం తేలి ఉంటే బర్నెట్‌లో 29 హైవే పట్టుకుని పడమరకు, ల్యానో వైపు వెళ్లండి. 30 మైళ్లు. మధ్యలో ఇంక్స్ లేక్ స్టేట్ పార్కు ఉంది. గులాబీ రంగు బండలు, వాటి సందుల్లో పూలు, పక్కన నీళ్లు, మరుగుదొడ్లు, బల్లలు. మధ్యాహ్న భోజనం అక్కడే. దీనికీ రిజర్వేషన్ ముందే ఉండాలి. భోజనమయ్యాక ల్యానో దాకా వెళ్లి 16 హైవే మీద దక్షిణానికి కొంతదూరం దిగి వెనక్కి రండి. పెద్దవాళ్లు అలసిపోతే వాళ్ల కారు నేరుగా అద్దె ఇంటికి వెళ్లిపోవాలి. అందరూ అన్నీ చూడాలన్న నియమం పెట్టుకోవద్దు.

సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర మధ్య వెలుతురు బాగుంటుంది. ఆ గంటన్నరను బర్నెట్, మార్బుల్ ఫాల్స్ మధ్య 281 మీద గడపండి. అక్కడ రోడ్డు పక్కన పాత రాతి ఇల్లొకటి ఉంది. దాని ముందు పూలు పూస్తే టెక్సాస్ అంతా వచ్చి ఫొటో తీసుకుంటుంది. అది ప్రైవేటు స్థలం. కంచె ఇవతల నుంచే చూడాలి.

కారు ఆపడం

పాములు, చీమలు అంటారుగానీ ఈ ప్రయాణంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం 70 మైళ్ల వేగంతో వెళ్లే హైవే పక్కన కారు ఆపడమే. పూలు కనిపించిన చోటల్లా బ్రేకు వేయకండి. ముందుకు వెళితే చిన్న రోడ్డు కూడలో, విశాలమైన మట్టి జాగా ఏదో ఒకటి వస్తుంది. అక్కడ ఆపండి. సిగ్నల్ వేసి, రోడ్డు మీది తెల్లగీత పూర్తిగా దాటి, వాహనాలు వెళ్లే దిశలోనే కారు నిలపండి. దిగేవాళ్లు రోడ్డు వైపు తలుపు తీయకూడదు. అవతలి పక్క పూలు ఇంకా బాగున్నాయని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తడం అసలే వద్దు. కారు తిప్పుకుని రండి. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురు పెద్దలు పిల్లల వైపే చూస్తూ ఉండాలి, ఫోను వైపు కాదు.

కంచె దాటకండి. టెక్సాస్‌లో కంచె గుంజలకో చెట్లకో ఊదారంగు పట్టీ వేసి ఉంటే లోపలికి రావద్దని అర్థం. బోర్డు లేకపోయినా ఆ రంగు చాలు.

పూల మధ్యకు దిగేముందు కర్రతో అటూఇటూ కదపండి. గిలకపాములు మనుషుల అలికిడి వింటే చాలాసార్లు తప్పుకుంటాయి. అంతకంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి నిప్పుచీమలు. పూల కింద మెత్తగా పోసిన మట్టికుప్పలా ఉంటుంది వాటి పుట్ట. పిల్లలు సరిగ్గా దాని మీదే కూర్చుంటారు. చెప్పులు వద్దు, బూట్లూ మేజోళ్లూ ఉండాలి. పట్టులంగా వేసినా సరే, కింద బూట్లే. ఫొటోలో పాదాలు ఎలాగూ కనపడవు.

చూడటం, ఫొటో తీయడం

అందరూ ఫొటోల హడావుడిలో పడేముందు ఒక్క కంకి దగ్గర పిల్లలతో మోకాళ్ల మీద కూర్చోండి. ఆకు అరచేయి చాపినట్టు ఐదు రేకులుగా ఉంటుంది. పొద్దున్నే వెళితే ఆ ఐదూ కలిసే చోట ఒక మంచుబొట్టు నిలిచి ఉంటుంది. కంకి కొస తెల్లగా ఉంటుంది. ప్రతి పువ్వు పై రేకు మీదా ఒక తెల్లమచ్చ కనిపిస్తుంది. కిందికి వచ్చేకొద్దీ, అంటే పువ్వు ముదిరేకొద్దీ, ఆ మచ్చ ఎర్రబారుతుంది. తేనెటీగలు తాజా పుప్పొడి ఉన్న తెల్లమచ్చల పూల మీదే వాలతాయి, ఎర్రమచ్చ పూలను చాలావరకు వదిలేస్తాయి. ఐదు నిమిషాలు కదలకుండా చూస్తే పిల్లలే కనిపెడతారు. ఇది మన జనుము, పిల్లిపెసరల కుటుంబపు మొక్కే. వేళ్లలోని బుడిపెల్లో నత్రజని నిలవ చేస్తుంది. కాయ చిక్కుడుకాయలా కనిపిస్తుంది కాబట్టి పసిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి, అది విషం.

పక్కన ఎర్రగా కనిపించేది ఇండియన్ పెయింట్‌బ్రష్. కాగితంపూల లాగే దీనిలోనూ ఆ ఎరుపు రేకులది కాదు, పువ్వును చుట్టుకున్న ఆకులది. దీని వేళ్లు పక్క మొక్కల వేళ్లలోంచి నీళ్లూ పోషకాలూ లాగుతాయి. లేత గులాబీ గిన్నెల్లా ఉండేవి ఈవెనింగ్ ప్రింరోజ్. వాటిని వాసన చూసిన పిల్లల ముక్కులకు పసుపు అంటుకుంటుంది.

బ్లూబానెట్ కోస్తే జైల్లో పెడతారన్న మాట టెక్సాస్‌లో పుట్టి పెరిగినవాళ్లూ చెబుతారు. అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ స్టేట్ పార్కులో ఏ మొక్కా కోయకూడదు, పరాయి స్థలంలో అడుగే పెట్టకూడదు. ఎక్కడైనా సరే నలిగిన మొక్క గింజ కట్టదు, గింజ రాలని చోట వచ్చే ఏడాది పువ్వు ఉండదు. పూల మీద పడుకుని తీసుకున్న ఫొటోల తాలూకు గుంటలు ప్రతి ప్రసిద్ధమైన చోటా కనిపిస్తాయి.

నలపకుండానే పూల మధ్య కూర్చున్నట్టు ఫొటో తీయొచ్చు. ముందే అడుగులు పడి నేల బయటపడ్డ చోటు వెతికి మనిషిని అక్కడ కూర్చోబెట్టండి. తీసేవాళ్లు పది అడుగులు వెనక్కి వచ్చి, పూలు మధ్యలో ఉండేట్టు, ఫోనును తలకిందులుగా పట్టుకుని కెమెరా కన్ను పూల ఎత్తుకు దించండి. ముందున్న పది కంకులే చేనంతా అయి కనిపిస్తాయి. నీలం చీర, నీలం చొక్కా పూలలో కలిసిపోతాయి. పసుపు, ఎరుపు, తెలుపు బాగా తేలతాయి. ఎంత ఇష్టమైనా కంచిపట్టు మాత్రం ఇంట్లోనే ఉంచండి. ముళ్లగింజలు జరీని పట్టుకుంటే వదలవు.

తిండి

శనివారం మధ్యాహ్నానికి పులిహోర, దద్దోజనం ఇంటి నుంచే. పులిహోర బయట ఉన్నా ఆగుతుంది. దద్దోజనం, పెరుగు మంచుగడ్డల కూలర్లో పెట్టండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. రాత్రికి అద్దె ఇంట్లో అన్నం, పప్పు, ఆవకాయ, అప్పడాలు. చిన్న రైస్ కుక్కర్ మీరే తీసుకెళ్లండి. ఆ ఇళ్లలో నాలుగు బాణలులుంటాయిగానీ అన్నం వండే గిన్నె ఉండదు. ఆ ఊళ్లలో తిండి అంటే ముఖ్యంగా బార్బిక్యూ, మెక్సికన్. శాకాహారులకు మెక్సికన్ హోటలే దిక్కు. బీన్స్‌లో పందికొవ్వు వేశారా అని మొహమాటపడకుండా అడగండి. మార్బుల్ ఫాల్స్‌లో 1929 నుంచి నడుస్తున్న బ్లూ బానెట్ కెఫేలో ‘పై’ అనే తీపి వంటకం తినడానికి ఆదివారం పొద్దున వరస ఉంటుంది. నా దృష్టిలో నిలబడదగ్గదే.

ఆదివారం

పొద్దున్నే ఓపికున్న వాళ్లు విల్లో సిటీ లూప్‌కు వెళ్లి రావచ్చు. ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు ఉత్తరాన 16 హైవేకు దగ్గరలో 13 మైళ్ల ఇరుకు రోడ్డు, రెండువైపులా పశువుల పొలాలు. అక్కడ ఆగకూడదన్న బోర్డులుంటాయి, వాటిని పాటించాలి. కారులోంచే చూసుకుంటూ నెమ్మదిగా సాగాలి. తొమ్మిది దాటితే బండ్ల బారు తప్ప ఇంకేమీ కనపడదు.

పెద్దవాళ్లున్నా, ఆ ఏడాది రోడ్ల మీద పూత పల్చగా ఉన్నా ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్‌కు వెళ్లండి. అమెరికా అధ్యక్షుడి భార్యగా రోడ్ల పక్క సుందరీకరణ చట్టం కోసం పట్టుబట్టి 1965లో సాధించిన ఆమే 1982లో దీన్ని స్థాపించారు. నడవడానికి మంచి బాటలు, కూర్చోవడానికి నీడ, మొక్కల పక్కన పేర్లు ఉంటాయి. అడవి పువ్వు చూశామన్న తృప్తి రోడ్డు మీద ఉన్నంత ఉండదుగానీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు ఇదే మంచి చోటు. అక్కడి నుంచి ఇంటర్‌స్టేట్ 35 మీద ఇంటికి. రెండింటికల్లా బయలుదేరకపోతే ఆదివారం సాయంత్రపు రద్దీలో వేకో దగ్గర ఇరుక్కుంటారు.

రెండు రోజులు తీరికలేని వాళ్లు, నాలుగు గంటలు కారులో కూర్చోలేని వాళ్లు ఏప్రిల్ మధ్యలో ఒక పూట ఎన్నిస్ వెళ్లి రండి. అక్కడి గార్డెన్ క్లబ్ వాళ్లు పూత ఎక్కడెలా ఉందో తిరిగి చూసి చెబుతారు. 40 మైళ్లకు పైగా గుర్తులు పెట్టిన దారులున్నాయి. శనివారం మధ్యాహ్నం కాకుండా వీలైతే శుక్రవారం సాయంత్రం వెళ్లండి.

ఇంటికి రాగానే పిల్లల చీలమండలు, మోకాళ్ల వెనక, నడుము పట్టీ చుట్టూ పిడుదులున్నాయేమో చూసి, సబ్బుతో స్నానం చేయించండి. గడ్డిలో ఉండే చిగ్గర్లు అనే సన్నపురుగులు కంటికి కనపడవుగానీ, దురద రేపటికి మొదలవుతుంది. వేసుకున్న బట్టలన్నీ వేడినీళ్లలో ఉతికేయండి. డబ్బు లెక్కలు మాత్రం అంతకుముందే, దారిలో చివరిసారి గ్యాస్ కోసం ఆగినప్పుడే తేల్చేసుకోండి. సోమవారం దాటితే అడిగేవాళ్లకూ మొహమాటం, ఇచ్చేవాళ్లకూ మతిమరుపు.